కారు వయసు రబ్బరు చెబుతుంది

మీ పెదనాన్నగారింట్లో ఒక పాత పెద్ద కారు ఉందనుకోండి. అలాంటిలాంటి కారు కాదు. మెర్సిడిస్ బెంజ్ వాళ్ళు 1995లో పుణేలో మొట్టమొదట తయారుచేయడం మొదలుపెట్టిన డబ్ల్యు 124 అనే రకం కారు. పెదనాన్నగారు దాన్ని 1996లో ముచ్చటపడి కొన్నారు. గతుకుల రోడ్డు మీద పోతున్నా లోపల కూర్చున్నవాళ్ళ చేతిలోని మజ్జిగ గ్లాసు తొణకదని ఆయన చెప్పుకుంటారు. ఇప్పుడు దాన్ని ఎక్కువగా తిప్పడం లేదు. షెడ్డులో గుడ్డ కప్పి ఉంచుతారు. ఆదివారం నాడు తుడిచి, ఊళ్ళో ఒక చుట్టు తిప్పి, మళ్ళీ తెచ్చి పెట్టేస్తారు.

వచ్చే నెలలో హైదరాబాదులో మీ అక్కయ్య పెళ్ళి. విజయవాడ నుంచి అందరం ఈ కారులోనే వెళదామన్నారు పెదనాన్నగారు. మెకానిక్కు వచ్చి ఇంజను చూశాడు. భేషుగ్గా ఉంది. టైర్ల మీది చాళ్ళలో అగ్గిపుల్ల గుచ్చి చూశాడు. మంచి లోతు ఉంది. "టైర్లు కొత్తవాటిలాగే ఉన్నాయండీ. ఎనిమిదివేల కిలోమీటర్లు కూడా తిరిగి ఉండవు" అన్నాడు. అప్పుడు వంటింట్లోంచి పెద్దమ్మ, "అవి కొని ఎన్నేళ్ళయింది?" అని అడిగింది.

ఎవరికీ గుర్తు లేదు. "అరగని టైరుకు ఏళ్ళతో పనేమిటి?" అని పెదనాన్నగారు నవ్వారు.

ఇద్దరిలో ఎవరిది సరైన మాట? మనమే ఆలోచించి తేల్చుకుందాం.

ఆరు పోస్టుకార్డులు

ఖాళీగా ఉన్నప్పుడు ఆ కారు బరువు సుమారు 1400 కిలోలు. అయిదుగురు మనుషులూ, పెళ్ళి సామానూ ఎక్కేసరికి 1800 కిలోలు అవుతుందనుకుందాం. నాలుగు చక్రాలూ సమానంగా పంచుకుంటే ఒక్కొక్క చక్రం మీద 450 కిలోల బరువు పడుతుంది. టైరులో గాలి చదరపు అంగుళానికి 32 పౌన్ల పీడనంతో ఉందనుకోండి. గాలి కొట్టే కుర్రాడితో "ముప్ఫై రెండు పెట్టు" అంటారే, అదే ఇది. దీన్ని మన లెక్కలోకి మారిస్తే చదరపు సెంటీమీటరుకు 2.25 కిలోలు.

బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుందని మీరు చదువుకున్నారు. మరయితే బలాన్ని పీడనంతో భాగిస్తే? వైశాల్యం వస్తుంది. 450ని 2.25తో భాగించండి. జవాబు 200 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కొక్క టైరు నేలను తాకే మేర 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న ముక్క! టైరు గోడల బిరుసుతనాన్ని మనం లెక్కలోకి తీసుకోలేదు కనుక జవాబు కాస్త అటూ ఇటూగా ఉండవచ్చు. నాలుగు టైర్లదీ కలిపితే 800 చదరపు సెంటీమీటర్లు. రమారమి ఆరు పోస్టుకార్డులంత.

అంత పెద్ద కారుకూ, అందులో కూర్చున్న అయిదుగురికీ రోడ్డుతో ఉన్న సంబంధం ఈ ఆరు పోస్టుకార్డులే. బ్రేకులు ఎంత గొప్పవైనా అవి ఆపేది చక్రాన్ని మాత్రమే. కారును ఆపేది మాత్రం రోడ్డుకూ రబ్బరుకూ మధ్య ఉండే ఘర్షణ.

ఇంకొక లెక్క చూడండి. ఆ టైరు చుట్టుకొలత రమారమి 2 మీటర్లు. కిలోమీటరు దూరానికి 500 సార్లు తిరుగుతుంది. విజయవాడ నుంచి హైదరాబాదు సుమారు 270 కిలోమీటర్లు. అంటే పెళ్ళివారింటికి చేరేలోగా ప్రతి టైరూ 1,35,000 సార్లు తిరగాలి. తిరిగిన ప్రతిసారీ టైరులోని ప్రతి భాగమూ నేలకు ఒత్తుకుని చదునై, మళ్ళీ గుండ్రంగా లేవాలి. ఇనుప తీగను పదిసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున విరుగుతుంది. రబ్బరు లక్షసార్లు వంగినా ఎందుకు విరగదు?

గంధకం వేసిన వంతెనలు

రబ్బరు అణువులు చాలా పొడవైన గొలుసులు. ఉడికిన సేమ్యాలాగా ఒకదానితో ఒకటి చుట్టుకుని, ముడుచుకుని ఉంటాయి. లాగితే ముడతలు విప్పుకుని సాగుతాయి. వదిలితే మళ్ళీ ముడుచుకుంటాయి. అయితే చెట్టు పాలనుంచి వచ్చిన పచ్చి రబ్బరులో ఈ గొలుసులు ఒకదాని మీంచి ఒకటి జారిపోతాయి. అందుకే అది ఎండకు జిగురులాగా అంటుకుంటుంది. చలికి గట్టిపడి పెళుసెక్కుతుంది.

ఈ చిక్కు విడదీసినవాడు అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్. గంధకం కలిపిన రబ్బరును వేడిచేస్తే అది ఎండకు కరగదనీ, చలికి పెళుసెక్కదనీ ఆయన 1839లో కనిపెట్టాడు. గంధకపు పరమాణువులు పక్కపక్క గొలుసుల మధ్య వంతెనలు వేస్తాయి. ఇక గొలుసులు సాగగలవు గాని జారిపోలేవు. దీన్నే వల్కనీకరణం అంటారు. పాపం, ఆయనకు దీనివల్ల డబ్బు మిగలలేదు. 1860లో అప్పులతోనే కన్నుమూశాడు. ఆయన పేరుతో ఉన్న టైర్ల కంపెనీ 1898లో పుట్టింది. దాన్ని స్థాపించింది ఆయన కాదు. పేరు మాత్రమే ఆయనది.

గాలి నింపిన టైరును 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం తయారుచేశాడు. మొదటి రోజుల్లో టైర్లు తెల్లగా ఉండేవి. తరువాత నల్లని మసిపొడి కలిపితే రబ్బరు చాలా తక్కువగా అరుగుతుందని తెలిసింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను కూడా ఆ మసి అడ్డుకుంటుంది. టైర్లు నల్లగా ఉండేది అందుకే. అందానికి కాదు.

రబ్బరుకు ముసలితనం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. గంధకం వేసిన వంతెనలు సరిగ్గా కావలసినన్ని ఉంటేనే రబ్బరుకు ఆ సాగే గుణం ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ కూడా నెమ్మదిగా రబ్బరులోకి దిగి, కొత్త వంతెనలు వేస్తూ పోతుంది. వంతెనలు ఎక్కువైన కొద్దీ రబ్బరు బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన రబ్బరు రోడ్డు మీది చిన్నచిన్న ఎత్తుపల్లాల్లో సరిగ్గా ఒదగదు. పట్టు తగ్గుతుంది. అదే సమయంలో గాలిలో కొద్దిపాటిగా ఉండే ఓజోను, సాగి ఉన్న గొలుసులను తెంపివేస్తుంది. పైన సన్నని పగుళ్ళు పడతాయి.

మీరే చేసి చూడండి. రెండు రబ్బరు బ్యాండ్లు తీసుకోండి. రెండింటినీ రెండు చెక్కముక్కల మీద సాగదీసి తగిలించండి. ఒకదాన్ని మేడమీద ఆరుబయట పెట్టండి. రెండవదాన్ని మూత బిగించిన డబ్బాలో, చీకట్లో ఉంచండి. కొన్ని వారాల తరువాత రెండింటినీ భూతద్దంతో చూడండి. ఆరుబయట ఉన్నదాని మీద, సాగిన దిశకు అడ్డంగా పగుళ్ళు కనిపిస్తాయి. అది ఒక్క కిలోమీటరు కూడా ప్రయాణం చెయ్యలేదు. అయినా ముసలిదయింది!

టైరు తయారుచేసేవాళ్ళకు ఈ సంగతి తెలుసు. అందుకే రబ్బరులో ఓజోనును ఎదిరించే మందులూ, ఒక రకం మైనమూ కలుపుతారు. టైరు నడుస్తూ వంగుతూ ఉంటే ఈ మైనం కొద్దికొద్దిగా పైకి ఊరి, పలచని పొరలాగా కాపు కాస్తుంది. మరి షెడ్డులో కదలకుండా ఉన్న టైరులో? ఆ ఊట సరిగ్గా రాదు. చూశారా, తిప్పకుండా దాచిన టైరు భద్రంగా ఉంటుందనుకోవడం ఎంత పొరపాటో!

పైగా మనది వేడి దేశం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం రమారమి రెట్టింపవుతుంది. జర్మనీలో చల్లగా ఉన్న టైరు కన్నా విజయవాడలో మే నెల ఎండకు ఉన్న టైరు త్వరగా వయసు మీరుతుంది. ఈ ముసలితనం పైన మాత్రమే కాదు, లోపలా వస్తుంది. లోపల బిగించి ఉన్న గాలిలోని ఆక్సిజన్ రబ్బరులోకి చొరబడి, ఉక్కు తీగల పట్టీని అంటుకుని ఉన్న రబ్బరును కూడా పెళుసుగా చేస్తుంది. చివరికి ఒక రోజు, వేగంగా పోతున్నప్పుడు, పైపొర పట్టీతో సహా ఊడి లేచిపోవచ్చు. 2000 ఆగస్టులో అమెరికాలో ఒక పెద్ద కంపెనీ ఇలా పైపొరలు ఊడిపోతున్నాయని రమారమి 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించింది. ఆ ప్రమాదాలు వేడి ఎక్కువగా ఉండే దక్షిణాది రాష్ట్రాల్లోనే ఎక్కువగా జరిగాయి.

టైరు మీది చదువు

టైరు గోడ మీద ఉబ్బెత్తుగా ఏవో అంకెలూ అక్షరాలూ ఉంటాయి. అది టైరు గుర్తింపు పత్రం. మనం చెప్పుకుంటున్న కారు టైరు మీద 195/65 ఆర్ 15 91 వి అని ఉంటుంది. ఒక్కొక్కటే చదువుదాం.

195 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో నూటికి 65 వంతులు గోడ ఎత్తు. లెక్క కట్టండి, 126.75 మిల్లీమీటర్లు వస్తుంది. ఆర్ అంటే రేడియల్ రకం. లోపలి దారాలు చక్రం ఆకుల్లాగా అడ్డంగా నేసి ఉంటాయి. 1946లో ఫ్రాన్సులో మిషలాన్ కంపెనీవారు దీనికి పేటెంటు తీసుకున్నారు. 15 అంటే లోపలి చక్రం అడ్డుకొలత, అంగుళాల్లో. 91 అనేది బరువు సూచిక. అది 91 కిలోలు కాదు సుమండీ! పట్టికలో చూస్తే 91కి అర్థం 615 కిలోలు. వి అనే అక్షరం వేగానికి గుర్తు. ఆ టైరు గంటకు 240 కిలోమీటర్ల వరకూ తట్టుకోగలదని అర్థం. హెచ్ అయితే 210, టి అయితే 190.

కొత్త టైర్లు కొనేటప్పుడు కంపెనీ చెప్పిన కొలతే కొనాలి. బరువు సూచిక, వేగం గుర్తు అంతకన్నా తగ్గకూడదు. "ఇంకా వెడల్పువి వేయిస్తే దర్జాగా ఉంటుంది" అనేవారుంటారు. 195/65 బదులు 205/65 వేశారనుకోండి. టైరు అడ్డుకొలత 634.5 నుంచి 647.5 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. ఒక్కొక్క చుట్టుకు కారు నూటికి రెండు వంతులు ఎక్కువ దూరం పోతుంది. స్పీడోమీటరుకు ఆ సంగతి తెలియదు. అది పాత లెక్కే చూపిస్తుంది.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటుంది. డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర, ఒక చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ టైరు తయారైన వారం. తరువాతి రెండూ సంవత్సరం. 2419 అని ఉంటే 2019లో 24వ వారం, అంటే జూన్ నెలలో పుట్టిన టైరన్నమాట. నాలుగు కాక మూడే అంకెలు ఉన్నాయా? అయితే అది 2000 సంవత్సరానికి ముందే పుట్టిన టైరు. దాన్ని చక్రానికి కాదు, ఉయ్యాలకు కట్టుకోవచ్చు. ఈ అంకెలు టైరుకు ఒక పక్కనే ఉండవచ్చు. బయటి పక్క కనిపించకపోతే కారు కిందకు వంగి లోపలి పక్క చూడాలి.

ఎన్నేళ్ళ టైరు ముసలిదని లెక్క? చాలా కార్ల కంపెనీలు ఆరేళ్ళకు మార్చమంటాయి. చాళ్ళు ఎంత లోతుగా ఉన్నా పదేళ్ళు దాటిన టైరు వాడవద్దని టైర్ల కంపెనీలు చెబుతాయి. డిక్కీలో పడుకున్న స్టెప్నీకి కూడా ఇదే వర్తిస్తుంది. ఒక్కసారి కూడా నేలను తాకకపోయినా దాని వయసు దానిదే.

గాలి తగ్గిస్తే వేడి తగ్గుతుందా?

ఎండాకాలంలో టైరు వేడెక్కి పేలిపోతుందని గాలి తక్కువ కొట్టించేవారు చాలామంది ఉన్నారు. ఇది మంచిదేనా?

రబ్బరు బంతిని మీటరు ఎత్తునుంచి వదలండి. మళ్ళీ మీటరు ఎత్తుకు లేస్తుందా? లేవదు. తగ్గిన శక్తి ఏమయింది? ఎక్కువ భాగం రబ్బరులో వేడిగా మారింది. టైరు నేలకు ఒత్తుకుని లేచిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది. గాలి తక్కువగా ఉంటే టైరు ఎక్కువగా ఒత్తుకుంటుంది. ఎక్కువగా వంగుతుంది. కనుక ఎక్కువ వేడెక్కుతుంది. 1,35,000 సార్లు అలా వంగితే ఏమవుతుందో ఊహించండి. వేసవిలో టైర్లు పేలడానికి గాలి ఎక్కువ కావడం కన్నా తక్కువ కావడమే తరచుగా కారణమవుతుంది.

అయితే ఎండకు లోపలి పీడనం పెరగదా? పెరుగుతుంది. 10 డిగ్రీల వేడికి సుమారు ఒకటిన్నర పౌన్లు. కంపెనీవారు ఈ సంగతి ముందే ఆలోచించి అంకె ఇచ్చారు. అందుకే పొద్దున్నే, కారు నడవకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు పీడనం చూడాలి. ఈ కారుకు పెట్టవలసిన అంకెలు పెట్రోలు మూత రెక్క లోపలి వైపున అంటించి ఉంటాయి. నిండా మనుషులు ఎక్కినప్పటి అంకె వేరు, ఖాళీగా ఉన్నప్పటి అంకె వేరు.

గాలి సరిగ్గా ఉందో లేదో టైరు అరిగిన తీరు కూడా చెబుతుంది. నడుమ అరిగితే గాలి ఎక్కువైందని గుర్తు. రెండు అంచులూ అరిగితే తక్కువైందని గుర్తు. ఒక అంచే అరిగితే చక్రాల అలైన్‌మెంటు తప్పింది. అక్కడక్కడ గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లను అనుమానించాలి.

నీటిమీద తేలే కారు

చాళ్ళు ఎందుకు? పొడి రోడ్డు మీద వాటి పని తక్కువే. వానలో మాత్రం అవే ప్రాణాధారం. టైరు కింద చిక్కిన నీటిని పక్కకు తోడిపోసే కాలువలవి. అవి అరిగిపోతే నీరు పోయే దారి లేక, టైరు నీటిపొర మీదికెక్కి తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా లాభం లేదు, బ్రేకు నొక్కినా లాభం లేదు.

1960 ప్రాంతాల్లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఇంజనీర్లు విమానాల టైర్ల మీద పరీక్షలు చేసి దీనికొక సూత్రం చెప్పారు. చాళ్ళకు మించిన నీరు రోడ్డు మీద నిలిచి ఉంటే, టైరు తేలే వేగం అందులోని పీడనపు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 32 పౌన్ల గాలి ఉంటే గంటకు సుమారు 94 కిలోమీటర్ల వద్ద తేలుతుంది. గాలి 20కి దిగిపోతే 75 వద్దే తేలుతుంది. గాలి తగ్గించకూడదనడానికి ఇది మరొక కారణం.

కొత్త కారు టైరుకు చాళ్ళ లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. చాళ్ళ అడుగున అక్కడక్కడ చిన్న గట్లు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి ఆ గట్లతో సమానమైతే దాని పని అయిపోయింది. మన దేశపు నిబంధన కూడా కార్లకు ఇదే హద్దు పెట్టింది.

ఒక తమాషా ప్రశ్న. రెండే కొత్త టైర్లు కొనడానికి డబ్బుంటే వాటిని ముందు వేయించాలా, వెనకా? స్టీరింగు ముందు చక్రాలకుంది కనుక ముందేనంటారు చాలామంది. కాని ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది. వేగం తగ్గించగానే పట్టు చిక్కుతుంది. వెనక చక్రాలు జారితే కారు బొంగరంలాగా తిరిగిపోతుంది. దాన్ని నిలబెట్టడం నేర్పరులకే కష్టం. కనుక కొత్తవి వెనకే వేయించాలి.

కనిపించని రబ్బరు

మజ్జిగ గ్లాసు తొణకదని చెప్పుకున్నాం. ఆ సుఖం ఎక్కడినుంచి వచ్చింది? టైర్లనుంచీ, స్ప్రింగులనుంచీ, వాటితోబాటు కారు అడుగున ఇనుముకూ ఇనుముకూ మధ్య దాగి ఉన్న రబ్బరు బుష్షులనుంచీ. ఇంజను కూడా రబ్బరు దిమ్మెల మీదే కూర్చుని ఉంటుంది. ఎంత మెత్తని కారయితే అంత రబ్బరు. టైరును బిరుసెక్కించిన ఆక్సిజనే వీటినీ బిరుసెక్కిస్తుంది. బుష్షులు పగిలితే చక్రాలు తమ కోణం తప్పుతాయి. కొత్త టైర్లను కూడా ఒక అంచున కొరికేస్తాయి. అందుచేత పాత కారుకు ముందు బుష్షులు చూపించి, ఆ తరువాత టైర్లు వేయించి, అప్పుడు అలైన్‌మెంటు చేయించాలి. ఈ వరస తప్పితే డబ్బు వృథా.

రేడియేటరు గొట్టాలనూ, ఫ్యాన్ బెల్టునూ, బ్రేకు గొట్టాలనూ కూడా చేత్తో వంచి చూడమనాలి. పగుళ్ళుంటే మార్చాలి. మామూలుగా కార్లలో పోసే బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకంలో కొత్త ద్రవం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టినది 155 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే బుడగలు పుడతాయి. బుడగలను నొక్కితే నలుగుతాయి గాని బ్రేకు పడదు. దాన్ని రెండేళ్ళకొకసారి మార్చడం మంచిది.

పెద్దమ్మ ప్రశ్నకు జవాబు

మళ్ళీ షెడ్డులోకి పోదాం. మీరు టార్చిలైటు తీసుకుని టైరు పక్కన కూర్చున్నారు. గుడ్డతో మట్టి తుడిచారు. నాలుగంకెలు కనిపించాయి: 0714. అంటే 2014 ఫిబ్రవరి. పదేళ్ళు ఎప్పుడో దాటిపోయాయి. చాళ్ళు నిండుగా ఉన్నాయి. కాని చాళ్ళ అడుగున వెలుగు వేసి చూస్తే వెంట్రుకల్లాంటి పగుళ్ళు. గోరుతో నొక్కితే రబ్బరు మెత్తగా లొంగడం లేదు.

అగ్గిపుల్ల అబద్ధం చెప్పలేదు. అది చెప్పేది అరుగుదల మాత్రమే. వయసు దానికి తెలియదు. పెద్దమ్మ అడిగింది రెండో ప్రశ్న. ఆ కొలత టైర్లు ఇప్పటికీ దుకాణాల్లో దొరుకుతాయి. పెదనాన్నగారు నాలుగూ, స్టెప్నీతో కలిపి అయిదూ కొంటారనుకుందాం. కొనేటప్పుడు మీరూ వెంట వెళ్ళండి. ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. నాలుగంకెలు చదవండి. దుకాణంలో ఏళ్ళ తరబడి పడి ఉన్న టైరు కొత్తది కాదని ఇప్పుడు మీకు తెలుసు.

మీ ఇంట్లో పెద్ద కారు లేకపోయినా ఫరవాలేదు. నాన్నగారి మోటారు సైకిలుంది. మీరెక్కే స్కూలు బస్సుంది. వీధి చివర ఆటో ఉంది. రేపు పొద్దున వాటి టైర్లు ఎప్పుడు పుట్టాయో చదివి, ఒక కాగితం మీద రాసుకోండి. పదేళ్ళు దాటినది ఒక్కటి కనిపించినా ఊరుకోకండి. ఆ బండి నడిపేవారికి చెప్పండి. ఎందుకో అడిగితే, మీ రబ్బరు బ్యాండు చూపించండి.